బొటనవేలి కీలులో ఇంజెక్షన్: ఆ నొప్పి ఎక్కడిది, ఎంతసేపటిది

చేతి బొటనవేలి మొదట్లోని కీలు అరిగి, మాత్రలకూ పూతమందులకూ లొంగని నొప్పితో బాధపడుతున్నవారికి వైద్యులు ఆ కీలులోకే, వాపును అణిచే స్టెరాయిడ్ మందు ఇంజెక్షన్ ఇద్దామని చెప్పినప్పుడు, మందు పేరేమిటి, ఎన్నాళ్లు పనిచేస్తుంది అనే ప్రశ్నలకన్నా ముందు వచ్చేది ఒకటే: అక్కడ సూది గుచ్చితే తట్టుకోగలమా? ఇదివరకు చేయించుకున్నవారిని అడిగితే దొరికే జవాబులకు ఒకదానితో ఒకదానికి పొంతన ఉండదు. చీమ కుట్టినంత కూడా లేదని ఒకరు, ప్రాణం పోయినంత పనైందని మరొకరు, సూది వేసినప్పుడు ఏమీ తెలియలేదు గానీ ఆ రాత్రంతా కన్ను మూతపడలేదని ఇంకొకరు చెబుతారు. వీరిలో ఎవరి మాటనూ కొట్టిపారేయనక్కర్లేదు. వేర్వేరు కారణాల వల్ల, వేర్వేరు సమయాల్లో పుట్టే నాలుగు నొప్పులను కలిపి అందరూ ఒకే పేరుతో పిలవడం వల్లే ఈ గందరగోళం ఏర్పడుతోంది. వాటిని విడదీసి చూస్తే తప్ప ఏ నొప్పి ఎవరికి ఎక్కువగా ఉంటుందో, దేన్ని తగ్గించవచ్చో, దేన్ని ఓర్చుకోవడమే మిగులుతుందో తేలదు.

ఈ కీలు ఎందుకింత సున్నితం

బొటనవేలి మొదట్లోని మెటాకార్పల్ ఎముక, మణికట్టులోని ట్రపీజియం అనే చిన్న ఎముకతో కలిసేచోట ఈ కీలు ఉంటుంది. రెండు ఎముకల ఉపరితలాలూ గుర్రపు జీను ఆకారంలో ఉండి, ఒకదానిపై ఒకటి అడ్డంగా అమరుతాయి. ఈ అమరిక వల్లే బొటనవేలు ముందుకూ వెనక్కూ పక్కకూ కదలడమే కాక, తిరిగి మిగతా వేళ్ల కొసలను తాకగలుగుతుంది. అయితే ఇంత స్వేచ్ఛగా కదిలే కీలుకు ఎముకల నుంచి దొరికే ఆసరా తక్కువ. దాని స్థిరత్వమంతా చుట్టూ ఉండి ఎముకలను ఒకదానితో ఒకటి కట్టి ఉంచే లిగమెంట్ల మీదే ఆధారపడి ఉంటుంది. వేలి కొసలతో ఒక కిలో బలంతో దేన్నైనా నొక్కి పట్టుకుంటే, ఈ కీలు మీద సుమారు 12 కిలోల ఒత్తిడి పడుతుందని 1977లో కూనీ, చావ్ అనే పరిశోధకులు లెక్కగట్టారు. గట్టిగా బిగించి పట్టుకున్నప్పుడు అది 120 కిలోల వరకూ పోవచ్చన్నది కూడా వారి అంచనాయే. మూత తిప్పడం, తాళం తీయడం, పెన్ను పట్టుకోవడం వంటి చిన్న పనులకే ఈ కీలు ఎందుకు మొరాయిస్తుందో ఈ లెక్కను బట్టి అర్థమవుతుంది. లిగమెంట్లు సడలిన కొద్దీ మెటాకార్పల్ ఎముక మొదలు పక్కకు జరగడం, ఎముకల కొసలను కప్పే నున్నని మృదులాస్థి అరగడం, అంచుల్లో ఎముక ముళ్లలా పెరగడం జరుగుతాయి. నెలసరి ఆగిపోయిన మహిళల్లో ఇది మరీ ఎక్కువగా కనిపిస్తుంది.

నొప్పి పుట్టే చోట్ల విషయంలో ఒక అపోహను ముందే తొలగించాలి. మృదులాస్థిలో నాడులు లేవు కనుక, అది అరిగినంత మాత్రాన నొప్పి తెలియదు. కీలును సంచిలా చుట్టి ఉండే గట్టి పొరలోనూ, దాని లోపలి సైనోవియం పొరలోనూ, మృదులాస్థి అడుగున ఉన్న ఎముకలోనూ, ఎముకను కప్పి ఉండే పెరియాస్టియం పొరలోనూ మాత్రం నాడుల కొసలు దండిగా ఉన్నాయి. సూది ఏ దారిన వెళ్లినా వీటిలో కొన్నింటిని దాటక తప్పదు. పైగా ఈ కీలులో ఖాళీ చాలా తక్కువ. మోకాలిలోకి 5 మిల్లీలీటర్ల మందు ఎక్కించినా లోపల చోటు చాలుతుంది. ఇక్కడ మాత్రం పట్టేది ఒక మిల్లీలీటరుకు అటూ ఇటూ. అరుగుదల ముదిరి సందు మూసుకుపోయినవారిలో అంతకూ తక్కువే.

సూది, ఎముక, పీడనం

మొదటి నొప్పి చర్మానిది. జనం భయపడేది దీనికే గానీ, నాలుగింటిలో అతి చిన్నది ఇదే. ఈ కీలుకు సాధారణంగా 25 లేదా 27 గేజ్ సూదులు వాడతారు. వాటి బయటి వ్యాసం సుమారు 0.5, 0.4 మిల్లీమీటర్లు మాత్రమే. వేలి కొసన రక్తపరీక్షకు గుచ్చినప్పుడు కలిగే చురుకును తలచుకుని చాలామంది ఇక్కడా అలాగే ఉంటుందనుకుంటారు. మెదడులోని స్పర్శ పటంలో చేతికీ, అందులోనూ బొటనవేలికీ కేటాయించిన చోటు శరీర పరిమాణంతో పోలిస్తే చాలా పెద్దదన్న మాట నిజమే. కానీ స్పర్శ నాడులు దట్టంగా ఉండేది వేలి కొసలోనూ అరచేతి వైపునా. ఇంజెక్షన్ మాత్రం దాదాపు ఎప్పుడూ బొటనవేలి మొదట్లో వెనుక వైపు నుంచి, వేలిని చాపినప్పుడు తాళ్లలా లేచి కనిపించే టెండాన్ల (కండరాలను ఎముకలకు కట్టే నారల) పక్కన ఇస్తారు. అక్కడి చర్మం పలుచన, స్పర్శ కూడా వేలి కొసంత తీక్ష్ణంగా ఉండదు. గుచ్చిన క్షణంలో పుట్టే చురుకు ఒకటి రెండు సెకన్లలో పోతుంది.

రెండో నొప్పి దారి వెతకడంలో పుడుతుంది. కొన్ని మిల్లీమీటర్ల వెడల్పున్న సందులోకి సూది మొన చేరాలి. ఆ సందును కాస్త తెరవడానికి వైద్యుడో సహాయకులో బొటనవేలిని పట్టుకుని ముందుకు లాగుతారు. వాచి ఉన్న కీలును లాగడమే ఒక నొప్పి. ఆపైన సూది మొన సందులోకి కాక ఎముక మీదికి వెళితే పెరియాస్టియం పొర తగిలి, లోతుగా, పళ్లు బిగబట్టించేంత పోటు పుడుతుంది. కీలు అంచున పెరిగిన ఎముక ముళ్లు దారికి అడ్డం వస్తే సూదిని వెనక్కి తీసి, కోణం మార్చి, మళ్లీ ప్రయత్నించాలి. ఒక్క ప్రయత్నంలో సూది సరిగ్గా దిగినవారి అనుభవానికీ, నాలుగు ప్రయత్నాలు పట్టినవారి అనుభవానికీ పోలికే ఉండదు. మొదట చెప్పిన పొంతన లేని జవాబుల్లో చాలా భాగం ఇక్కడి నుంచే వస్తుందనుకోవచ్చు. ఆ పరిసరాల్లోనే రేడియల్ నాడి పైశాఖల కొమ్మలూ రేడియల్ ధమనీ ఉన్నాయి. సూది నాడి కొమ్మకు తగిలితే బొటనవేలి వెనుక వైపుకు విద్యుత్తు పాకినట్టు జివ్వుమంటుంది. అలా అనిపించిన వెంటనే నోరు తెరిచి చెప్పాలి. వైద్యుడు అక్కడ మందు వదలకుండా సూదిని వెనక్కి తీయాల్సిన సందర్భం అది. ఓర్చుకోవడం మంచి లక్షణమే అయినా ఈ క్షణంలో దానికి విలువ లేదు.

అల్ట్రాసౌండ్ లేదా ఎక్స్‌రే తెర మీద చూస్తూ సూది దించే పద్ధతి ఈ రెండో నొప్పికే ఉపకరిస్తుంది. మందు సరైన చోట పడుతుందన్నది దాని గురించి సాధారణంగా చెప్పే ప్రయోజనం. రోగి వైపు నుంచి చూస్తే, సూది ఎముకకు తగిలే సందర్భాలు తగ్గడం కూడా అంతే ముఖ్యం. అయితే అల్ట్రాసౌండ్ పరికరాన్ని నొప్పిగా ఉన్న కీలు మీద గట్టిగా అదిమితే ఆ లాభం కొంత పోతుంది. చేయి తిరిగిన వైద్యులు అదమకుండా, జెల్ ఎక్కువగా వేసి, పరికరాన్ని తేలిగ్గా ఆనిస్తారు.

మూడోది మందు లోపలికి ఎక్కేటప్పుడు పుట్టే నొప్పి. చాలామంది ఊహించనిదీ, తరువాత బాగా గుర్తుండిపోయేదీ ఇదే. సంచిలాంటి పొర లోపల అసలే చోటు తక్కువ. అక్కడికి అర మిల్లీలీటరో ఒక మిల్లీలీటరో ద్రవం చేరగానే పొర సాగి, అందులోని నాడులు ఒక్కసారిగా స్పందిస్తాయి. కోసినట్టో గుచ్చినట్టో కాకుండా, లోపలి నుంచి ఉబ్బి పగిలిపోతుందేమో అన్నట్టుగా ఉంటుంది ఈ నొప్పి. మందును వేగంగా తోస్తే పీడనం ఒక్కసారిగా పెరుగుతుంది. నెమ్మదిగా, ఆగి ఆగి తోస్తే అదే పరిమాణం తక్కువ బాధతో లోపలికి వెళుతుంది. సిరంజి పిస్టన్ బాగా బిగుసుగా ఉందంటే సూది మొన ఖాళీలో కాక లిగమెంటులోనో మృదులాస్థిలోనో ఇరుక్కుందని అనుమానించాలి. బలం ఉపయోగించి తోయడం అప్పుడు సరైన పని కాదు; మొనను కొద్దిగా కదిపి చూడాలి.

నొప్పి జ్ఞాపకం గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. పెద్దపేగు పరీక్ష చేయించుకున్న రోగులపై రెడెల్‌మేయర్, కానమన్ అనే పరిశోధకులు 1996లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒక చికిత్స ఎంత బాధాకరంగా ఉందని తరువాత గుర్తుంటుందన్నది అది ఎంతసేపు సాగిందన్న దానికన్నా, అందులో అత్యంత తీవ్రమైన క్షణం మీదా చివరి క్షణాల మీదా ఎక్కువగా ఆధారపడుతుంది. బొటనవేలి ఇంజెక్షన్‌లో తీవ్రమైన క్షణమూ చివరి క్షణమూ తరచుగా ఒకటే అవుతాయి, ఎందుకంటే మందు ఎక్కించడంతోనే పని ముగుస్తుంది. చివరి పది ఇరవై సెకన్లలో సిరంజిని నిదానంగా నొక్కడం వల్ల రోగి మళ్లీ ఎప్పుడైనా ఈ చికిత్సకు ఒప్పుకుంటారా లేదా అన్నది కూడా తేలిపోవచ్చు. ఆ అధ్యయనం చేతి గురించి కాదు కనుక దీన్ని ఊహగానే తీసుకోవాలి, కానీ పాటించడానికి ఖర్చు లేని జాగ్రత్త ఇది.

ఆ రాత్రి వచ్చే నాలుగో నొప్పి

స్టెరాయిడ్‌తో పాటు ఆ చోటును మాత్రమే మొద్దుబార్చే లిడోకెయిన్ అనే మత్తుమందును కలిపి ఇవ్వడం మామూలే. కొన్ని నిమిషాల్లోనే కీలు హాయిగా, తేలికగా అనిపించడానికి కారణం ఆ మత్తుమందే. స్టెరాయిడ్ ఇంకా పని మొదలుపెట్టి ఉండదు. ఒకటి రెండు గంటల్లో మత్తు దిగిపోతుంది, స్టెరాయిడ్ ప్రభావం కనిపించడానికి మాత్రం రెండు మూడు రోజుల నుంచి వారం వరకూ పట్టవచ్చు. ఈ నడుమ రోగికి ఆసరా ఏదీ లేదు. పాత నొప్పికి సూది గాయమూ సాగిన పొర నొప్పీ తోడై, సాయంత్రానికి పరిస్థితి ఇంజెక్షన్‌కు ముందుకన్నా అధ్వానంగా తోచడం వింతేమీ కాదు.

కొందరిలో దీనికి మించినది ఒకటి వస్తుంది. ట్రయామ్సినలోన్, మిథైల్‌ప్రెడ్నిసోలోన్ వంటి మందులు నీటిలో పూర్తిగా కరగవు. సన్నని స్ఫటికాలుగా ద్రవంలో తేలుతూ ఉంటాయి. కీలులో ఎక్కువ రోజులు నిలవడానికి ఆ గుణమే కారణం. అవే స్ఫటికాలు కొందరిలో సైనోవియం పొరను రెచ్చగొట్టి, తాత్కాలికంగా వాపునూ వేడినీ తీవ్రమైన సలుపునూ తెస్తాయి. ఇంజెక్షన్ అయిన కొన్ని గంటల్లోనే మొదలై, ఒకటి రెండు రోజుల్లో, అరుదుగా మూడు రోజుల్లో తనంతట తానే తగ్గిపోయే ఈ ప్రతిచర్య ప్రమాదకరం కాదు. ముందే చెప్పి ఉంచితే రోగి దాన్ని భరించగలరు. చెప్పకపోతే మందు వికటించిందనో, వైద్యుడు పొరపాటు చేశాడనో భయపడతారు. బొటనవేలి ఇంజెక్షన్ విషయంలో ఓర్పుకు నిజమైన పరీక్ష సూది క్షణం కన్నా ఈ 48 గంటలేనని చెప్పడం సబబుగా ఉంటుంది. అయినా ఇంజెక్షన్‌కు ముందు రోగికి ఇచ్చే వివరణలో ఎక్కువ సమయం సూదికే పోతుంది.

ఆ రెండు రోజులకూ ఏర్పాట్లు పెద్దవి కావు. బొటనవేలిని కదలనివ్వని పట్టీ కట్టుకోవడం, గుడ్డ చుట్టిన మంచును పది పదిహేను నిమిషాల చొప్పున పెట్టడం, పారాసెటమాల్‌ను నొప్పి ముదిరాక కాక మత్తు దిగేలోపే వేసుకోవడం, బరువులు ఎత్తకుండా ఉండటం చాలు. మత్తు ఉన్నంతసేపూ కీలు నొప్పి తెలియదు కనుక, బాగైపోయిందనుకుని ఆ మధ్యాహ్నమే చేతికి గట్టి పని చెప్పేవారు రాత్రికి దాని ఫలితం అనుభవిస్తారు.

ముందుగా తగ్గించుకోగలిగింది ఎంత

చర్మాన్ని మొద్దుబార్చడానికి లిడోకెయిన్, ప్రిలోకెయిన్ చెరో 2.5 శాతం కలిసిన క్రీము ఉంది. దాన్ని కనీసం గంట ముందు పట్టించి పైన కవరు అంటించాలి. చర్మాన్ని క్షణాల్లో చల్లబరిచే స్ప్రే కూడా వాడతారు. రెండూ మొదటి నొప్పికి మాత్రమే పనికొస్తాయి. కీలు పొర దాకా వాటి ప్రభావం చేరదు. సూదికి బాగా భయపడేవారికి అవి ఇచ్చే ధైర్యం తక్కువేమీ కాకపోయినా, ఇక లోపల కూడా నొప్పి ఉండదని నమ్మించడం మంచిది కాదు. గుచ్చే చోటికి పక్కన చర్మాన్ని రుద్దడం, అదమడం లేదా కంపనం కలిగించడం కూడా కొంత పనిచేస్తుంది. స్పర్శ సంకేతాలు వెన్నుపాములోనే నొప్పి సంకేతాలకు అడ్డుపడతాయని మెల్జాక్, వాల్ అనే పరిశోధకులు 1965లో ప్రతిపాదించిన సిద్ధాంతం దీనికి ఆధారం.

మత్తుమందును విడిగా ముందు ఇవ్వాలా, స్టెరాయిడ్‌తో కలిపి ఒకేసారి ఇవ్వాలా అన్నదానిపై వైద్యుల అలవాట్లు వేరుగా ఉంటాయి. ముందుగా మత్తు ఇస్తే రెండో సూది హాయిగా దిగుతుందనిపిస్తుంది. కానీ లిడోకెయిన్ ద్రవం ఆమ్ల గుణం కలది కనుక ఎక్కించేటప్పుడు అదే మండుతుంది. మోకాలు, భుజం వంటి పెద్ద కీళ్లకు లోతైన దారి ఉంది కనుక ఆ మంటకు అర్థముంది; చర్మం కిందే ఉన్న బొటనవేలి కీలుకు, సన్నని సూదితో, అనుభవమున్న చేతుల్లో ఒకే గుచ్చుతో పని ముగుస్తున్నప్పుడు విడిగా మత్తు ఇవ్వడం వల్ల నొప్పి ఒకటి తగ్గి ఒకటి పెరిగినట్టవుతుంది. దారి కష్టమని ఎక్స్‌రేలో ముందే తెలిసినవారికి మాత్రం విడిగా ఇవ్వడమే మేలు. ఆ మంట తగ్గించడానికి లిడోకెయిన్‌కు సోడియం బైకార్బొనేట్ కలపడం ఫలిస్తుందని వైద్య పరిశోధనలను కలిపి తూచే కాక్రేన్ సంస్థ సమీక్ష 2010లో తేల్చింది. ద్రవాన్ని శరీర ఉష్ణోగ్రతకు వెచ్చబరచడం ఇంకో తేలిక మార్గం. మత్తుమందుల్లో ఎక్కువసేపు పనిచేసే బ్యుపివకెయిన్ వాడితే సాయంత్రపు నొప్పి వాయిదా పడుతుంది. అయితే అది మృదులాస్థి కణాలకు హాని చేస్తుందని ప్రయోగశాల పరిశోధనల్లో కనిపించడంతో చాలామంది దాని జోలికి పోవడం లేదు.

కూర్చున్నవారికన్నా పడుకున్నవారికి ఇంజెక్షన్ ఇవ్వడం మంచిది. నొప్పి కన్నా భయం వల్లే రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి కళ్లు తిరిగేవారు ఉంటారు. వారిలో బలిష్ఠులైన యువకులు కూడా ఉండటం వైద్యులకు కొత్త కాదు. మణికట్టు కింద చుట్టిన తువ్వాలు పెట్టి చేతికి ఆసరా ఇస్తే కండరాలు సడలి, కీలు సందు కొద్దిగా తెరుచుకుంటుంది. బిగబట్టిన చేతిలో అదే సందు మూసుకుంటుంది.

ఈ ఓర్పుకు దక్కేది ఏమిటి

నొప్పిని తట్టుకోవడమనేది విడిగా కొలిచే విషయం కాదు. దానికి బదులుగా ఏమి దక్కుతుందో చూసుకునే మనిషి దాన్ని తూకం వేస్తాడు. ఈ వైపు నుంచి చూస్తే స్టెరాయిడ్ ఇంజెక్షన్ పరిస్థితి అంత గొప్పగా లేదు. 2004లో ప్రచురితమైన ఒక చిన్న ప్రయోగంలో మీనా, ఆయన సహచరులు ఈ కీలు అరుగుదల ఉన్న 40 మందిని రెండు భాగాలు చేసి, కొందరికి ట్రయామ్సినలోన్, కొందరికి మందు లేని ఉప్పునీరు ఇచ్చారు. 24 వారాల తరువాత రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తరువాతి ప్రయోగాలు కూడా ఈ అభిప్రాయాన్ని పెద్దగా మార్చలేదు. చేతి కీళ్ల అరుగుదలపై ఐరోపా రుమటాలజీ (కీళ్లవ్యాధుల వైద్యం) సంఘాల సమాఖ్య 2018లో ఇచ్చిన సిఫారసులు, కీలులోకి స్టెరాయిడ్‌ను సాధారణంగా వాడవద్దని, వేలి ఎముకల మధ్య ఉండే కీళ్లు నొప్పిగా ఉంటే వాటికి మాత్రం ఆలోచించవచ్చని చెప్పాయి. అమెరికా రుమటాలజీ కళాశాల 2019 మార్గదర్శకాలు చేతి కీళ్లకు ఈ ఇంజెక్షన్‌ను షరతులతో సమర్థిస్తూనే, బొటనవేలి కీలుకు పట్టీ వాడకాన్ని గట్టిగా సిఫారసు చేశాయి. రెండు పెద్ద సంస్థలూ ఒకే పరిశోధనలను చదివి వేర్వేరు మాటలు చెప్పడంలో ఆశ్చర్యం లేదు. ఆధారాలు అంత పలుచగా ఉన్నాయి.

అయినా చాలామందికి ఇంజెక్షన్ తరువాత కొన్ని వారాలు ఊరట దొరుకుతుందన్నది రోజువారీ అనుభవం. అది ఎవరికి ఎక్కువగా దొరుకుతుంది అన్న ప్రశ్న దగ్గర ఈ విశ్లేషణకు అసలైన మలుపు ఉంది. ఈ కీలు అరుగుదలను ఎక్స్‌రేను బట్టి ఈటన్, లిట్లర్ అనే శస్త్రవైద్యులు నాలుగు దశలుగా విభజించారు. స్టెరాయిడ్ ఇంజెక్షన్‌నూ మూడు వారాల పట్టీనీ కలిపి వాడి, డే, ఆయన సహచరులు 2004లో ప్రచురించిన ఫలితాల్లో, మొదటి దశలో ఉన్నవారికి దీర్ఘకాలం ఊరట నిలిచింది. చివరి దశలో ఉన్నవారికి అది దాదాపు దక్కలేదు. దీన్ని పైన చెప్పిన నాలుగు నొప్పుల పక్కన పెట్టి చూడాలి. తొలి దశలో సందు తెరిచి ఉంటుంది, ఎముక ముళ్లు లేవు, మందుకు చోటుంది. అందువల్ల దారి వెతికే నొప్పీ, నింపే నొప్పీ రెండూ తక్కువే ఉండాలి. చివరి దశలో సందు మూసుకుని, ముళ్లు అడ్డం వచ్చి, పొర బిగుసుకుని, రెండు నొప్పులూ పెరుగుతాయి. అంటే ఎక్కువ బాధ భరించేవారికే తక్కువ ఫలితం దక్కుతోంది. 'కొంచెం ఓర్చుకుంటే బాగవుతుంది' అనే ఊరడింపు తొలి దశ రోగికి చెప్పదగినదే. అరుగుదల పూర్తిగా ముదిరినవారికి అదే మాటను అంతే ధీమాగా చెప్పడం న్యాయం కాదు. ఎక్స్‌రే చూసి, సందు మిగిలి ఉందో లేదో రోగికి చూపించి, ఆ తరువాతే సూది మాట ఎత్తడం సరైన వరుస.

ఇతర ఇంజెక్షన్లకు ఈ లెక్క ఇంకా కఠినంగా వర్తిస్తుంది. కీలులో జారుడు కోసం ఎక్కించే హయాలురోనిక్ ఆమ్లం జిగట ద్రవం కనుక సన్నని సూదిలోంచి తోయడం కష్టం. పైగా కొన్ని పద్ధతుల్లో వారానికొకటి చొప్పున రెండు మూడు సార్లు ఇస్తారు, దాంతో అన్ని నొప్పులూ అన్నిసార్లు పునరావృతమవుతాయి. అమెరికా మార్గదర్శకాలు ఈ కీలుకు దాన్ని వాడవద్దనే వైపే మొగ్గాయి. రోగి రక్తం నుంచే తీసే ప్లేట్‌లెట్ల ద్రవం విషయంలో ముందు రక్తం తీయడమూ, తరువాత కొన్ని రోజుల సలుపూ ఉంటాయి. ఇబుప్రొఫెన్ వంటి వాపు మందులు ప్లేట్‌లెట్ల పనికి అడ్డుపడతాయని వాటిని ఆపమంటారు కనుక నొప్పికి వేసుకోదగిన మాత్రలూ తక్కువే.

నొప్పి కాని ఇబ్బందులు

తట్టుకోవడమంటే నొప్పి ఒక్కటే కాదు. చర్మానికి ఇంత దగ్గరగా ఉన్న కీలులోంచి మందు కొంచెం వెనక్కి జారినా అక్కడి చర్మం తెల్లబడటం, కింది కొవ్వు కరిగి గుంట పడటం జరగవచ్చు. నల్లని, చామనచాయ చర్మంలో ఆ మచ్చ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చాలామందిలో నెలల మీద మెల్లగా సర్దుకుంటుంది. మధుమేహం ఉన్నవారిలో రక్తంలో చక్కెర కొన్ని రోజుల పాటు, కొందరిలో వారం దాకా పెరగవచ్చు కనుక ఆ రోజుల్లో తరచుగా పరీక్షించుకోవాలి. ముఖం ఎర్రబారి వేడిగా అనిపించడం, ఒక రాత్రి నిద్ర పట్టకపోవడం కొందరికి జరుగుతాయి. వాటంతట అవే పోతాయి.

కీలులో చీము పట్టడం చాలా అరుదు, కానీ స్టెరాయిడ్ ప్రతిచర్యతో పొరబడే అవకాశం ఉన్నది దీనితోనే. కాలక్రమం రెంటినీ వేరు చేస్తుంది. స్టెరాయిడ్ సలుపు మొదటి రోజే తారస్థాయికి చేరి రోజురోజుకూ తగ్గుతుంది. మూడో రోజు దాటాక నొప్పి పెరుగుతున్నా, ఎరుపు పాకుతున్నా, జ్వరం లేదా వణుకు వచ్చినా మంచు ముక్కలతో కాలక్షేపం చేయకుండా అదే రోజు వైద్యుడికి చూపించాలి.

ఊరట దొరికినవారు మళ్లీ మళ్లీ అడగడం సహజం. సాధారణంగా రెండు ఇంజెక్షన్ల మధ్య కనీసం మూడు నెలలు ఎడం పెడతారు. మోకాలి అరుగుదల ఉన్న 140 మందికి రెండేళ్ల పాటు మూడు నెలలకొకసారి ట్రయామ్సినలోన్ లేదా ఉప్పునీరు ఇచ్చి మకాలిండన్, ఆయన సహచరులు 2017లో ప్రచురించిన ప్రయోగంలో, స్టెరాయిడ్ పొందినవారిలో మృదులాస్థి ఎక్కువగా తగ్గింది, నొప్పిలో మాత్రం తేడా లేకపోయింది. మోకాలి ఫలితాన్ని బొటనవేలికి యథాతథంగా అన్వయించలేకపోయినా, తొలి దశలో మృదులాస్థి ఇంకా మిగిలి ఉన్నవారు ఈ మాట మనసులో పెట్టుకోవాలి; అరిగిపోవడానికి ఇంకేమీ మిగలని చివరి దశవారికి ఆ చింత తక్కువ. శస్త్రచికిత్స వైపు అడుగులు వేస్తున్నవారికి మరో నియమం ఉంది: ఆపరేషన్‌కు ముందు మూడు నెలల్లో కీలులో స్టెరాయిడ్ పడితే ఇన్‌ఫెక్షన్ ముప్పు పెరుగుతుందన్న ఆందోళన వల్ల, చాలామంది శస్త్రవైద్యులు ఆ వ్యవధిలో ఇంజెక్షన్‌కు ఒప్పుకోరు. ఆపరేషన్ తేదీ గురించి ఆలోచిస్తున్నవారు సూది గదిలోకి వెళ్లేముందే ఆ సంగతి వైద్యుడితో చెప్పాలి.